పైడమ్మ పిన్ని కోసం హోటలు వెతికిన ఆదివారం

శ్రీకాకుళంలో ఎనిమిదేళ్ళు ఉన్నాను. ఒక కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునే ఉద్యోగం. సొంతూరు ప్రొద్దుటూరు. ఈ డిసెంబరులో కడపకు బదిలీ ఆర్డరు వచ్చింది. సోమవారం నుంచి బుధవారం దాకా ల్యాబ్ అప్పగించాలి, గురువారం క్రిస్మస్ సెలవు, శుక్రవారం ఉదయం రైలు. ఆదివారం ఒక మంచి హోటలు వెతికి పెట్టుకోవాలి, గురువారం అక్కడ భోంచెయ్యాలి, ఆ తర్వాతే ఊరు వదలాలి అనుకున్నాను.

భోజనం నా ఒక్కదానికే అయితే ఇంత వెతుకులాట అక్కర్లేదు, ఎక్కడ ఆకలేస్తే అక్కడ తినేదాన్ని. ఇది పైడమ్మ పిన్ని కోసం. ఆమె మా ఇంటి ఓనరు. నేను మేడమీద గదిలో ఉండేదాన్ని, పిన్ని, బాబాయి కింద ఉండేవారు. చుట్టరికం ఏమీ లేదు, వచ్చిన మొదటి నెలలోనే వరసలు కుదిరిపోయాయి. పిన్ని వయసు అరవై దాటింది. ఈ ఎనిమిదేళ్ళలో ఆమె స్థిమితంగా కూర్చుని అన్నం తినడం నేను చూడలేదు. అందరూ తిన్నాక వంటింటి గుమ్మానికి ఆనుకుని, కంచం చేత్తో పట్టుకుని, నాలుగు ముద్దల్లో ముగించేస్తుంది. ఆ నాలుగు ముద్దల మధ్య రెండుసార్లు లేస్తుంది. నాతో కలిసి తినమంటే "నువ్వు తినీయమ్మా, నాను తర్వాత తింతాను" అంటుంది. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం ఒక్క పూట కూడా తినలేదు. వెళ్ళిపోయే ముందు ఆ ఒక్కటీ జరగాలని నా పంతం. ఆమె కూర్చోవాలి, ఇంకెవరో వడ్డించాలి, మధ్యలో ఆమె లేవకూడదు.

శనివారం సాయంత్రం విషయం చెప్పాను. రోజు మాత్రం చెప్పలేదు, ఈ వారంలోనే అన్నాను.

"హోటలుకా? నానా?" అని పిన్ని చాలాసేపు నవ్వింది. తర్వాత షరతులు పెట్టింది. "ఎవులో తిన్న కంచంలో తినను. ఆకెయ్యాల. సీకట్లో కూకోబెట్టకూడదు. ఏటి తింతన్నానో నాకు కనిపించాల."

"ఇంకేటి?" అన్నాను, ఆమె మాట ఆమెకే అప్పగిస్తూ.

"ఇంకేటి నేదు. నీకిట్టమైన కాడికి తీసుకెల్లు."

శ్రీకాకుళంలో మంచి హోటళ్ళు లేవా అని ఎవరైనా అడగవచ్చు. ఉన్నాయి. కానీ ఊళ్ళో అయితే పిన్ని గ్యాస్ కట్టేశానో లేదో చూసొస్తానని మధ్యలో లేచి ఇంటికి పోతుంది. ఒక పెళ్ళిలో అలాగే చేసిందని బాబాయి చెప్పాడు. కనీసం ఒక గంట ప్రయాణం దూరంలో ఉండాలి. బాబాయి బస్సు కండక్టరుగా రిటైరైన మనిషి. రాజాం, బొబ్బిలి, విజయనగరం చుట్టి రాత్రి భోజనం వేళకు ఇంటికి చేరేలా ఒక కాగితం మీద టైములు రాసిచ్చాడు. ఎవరైనా ఈ దారిన వెళ్ళేట్టయితే ఆ కాగితం నమ్మదగిందే, రైలు దగ్గర మాత్రం ఒక అరగంట కలుపుకోవాలి.

ఆదివారం ఉదయం ఆరూ ఇరవైకి ఆర్టీసీ కాంప్లెక్సులో రాజాం బస్సెక్కాను. మంచు బాగా పట్టి ఉంది. ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయ్యాక సీటు దొరకడం మన చేతిలో లేదు. అదృష్టం కొద్దీ వెనక నుంచి మూడో వరసలో కిటికీ పక్క దొరికింది. కండక్టరు సున్నా టిక్కెట్టు చింపి ఇచ్చాడు. పక్కన ఒకామె ఒళ్ళో చిలగడదుంపల సంచి పెట్టుకుని కూర్చుంది. చిలకపాలెం దగ్గర బస్సు హైవే వదిలాక నన్ను పలకరించింది.

"ఏవూరమ్మా మీది? మాట మనకాడిది కాదు."

"కడప వైపు. ఎనిమిదేళ్ళుగా ఇక్కడే ఉంటున్నాను."

"ఇప్పుడెక్కడికెల్తన్నారు?"

"రాజాంలో ఒక హోటలు ఉందట. ఎలా ఉందో చూడ్డానికి."

"తిన్నానికి శ్రీకాకుళం నుంచి రాజాం ఎల్తారేటి! బస్సు ఉత్తినే ఎక్కనిస్తన్నారని ఇదేటి సోద్యమమ్మా!" అని ముందు సీటులో ఉన్న ముసలాయనను కూడా తట్టి చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి నన్ను ఒకసారి పరిశీలనగా చూసి, మళ్ళీ మఫ్లరు సర్దుకున్నాడు.

దారి పొడుగునా కోతలైన పొలాలు. కుప్పలు కొన్నిచోట్ల వేసి ఉన్నాయి, కొన్నిచోట్ల అప్పుడే నూర్పిళ్ళు. రాజాం చేరేసరికి ఏడూ యాభై. ధాన్యం లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి. బస్టాండు ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ, బొంబాయి చట్నీ తిన్నాను. చట్నీ వేడిగా, పల్చగా, ఉల్లిపాయ కమ్మగా వేగి ఉంది. ఇలాంటి హోటలు నేను వెతుకుతున్న హోటలు కాదు గాని, రాజాం వెళ్ళినవాళ్ళు అది తినకుండా రాకూడదు.

నేను వెతుకుతున్నది పాలకొండ రోడ్డులో ఉంది. మూడంతస్తుల అద్దాల భవనం. కింద బిర్యానీ, పైన ఫ్యామిలీ రెస్టారెంటు. పదకొండుకు గాని తెరవరట. కానీ మేనేజరు మర్యాదస్తుడు, పైకి తీసుకెళ్ళి చూపించాడు. లోపలికి అడుగుపెట్టగానే నేను గోడ తడుముకున్నాను. కిటికీలన్నిటికీ నల్ల కాగితం అంటించారు. బల్లకొక నీలం రంగు బల్బు.

"లైట్లు ఇంతేనా?" అని అడిగాను.

"యాంబియన్స్ మేడమ్. కాలేజీ పిల్లలకి ఇలాగైతేనే నచ్చుతాది."

"మా పెద్దావిడకు ఏం తింటున్నారో కనబడాలి."

"మెనూ కార్డుకి టార్చి ఇస్తాం మేడమ్," అన్నాడు అతను, చాలా నిజాయితీగా. రాజాం అలా అయిపోయింది.

తొమ్మిదిన్నరకు బొబ్బిలి బస్సు. ఇది మరీ కిక్కిరిసిపోయి వచ్చింది. తెర్లాం దాకా నిలబడ్డాను. పదకొండుకు ఐదు నిమిషాల ముందు బొబ్బిలిలో దిగాను. కోట వైపు వెళ్ళే తీరిక లేదు, నేరుగా మార్కెట్టు దగ్గర భోజన హోటలుకు నడిచాను. మా కాలేజీలో బొబ్బిలి వాళ్ళు ముగ్గురున్నారు. ముగ్గురూ కలిసి ఒప్పుకున్న ఒకే ఒక్క విషయం ఈ హోటలు.

పదకొండున్నరకు కూర్చున్నాను. అరిటాకు వేశారు. ట్యూబులైట్లు పగటి వెలుగుతో పోటీ పడుతున్నాయి. అరటికాయ ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, చిక్కుడుకాయ వేపుడు, గుమ్మడికాయ బెల్లం పులుసు. ఈ వైపు పులుసులో బెల్లం వేస్తారు. వచ్చిన మొదటి ఏడాది నాకు అస్సలు సయించేది కాదు, ఇప్పుడు అది లేకపోతే పులుసులా అనిపించదు. కంద బచ్చలి రెండుసార్లు పెట్టించుకున్నాను. ఇంత మంచి భోజనం ఈ మధ్య తినలేదు. ఇదే, ఇంక విజయనగరం దాకా వెళ్ళక్కర్లేదు అనుకుంటుండగా నా కుర్చీ కదిలింది.

వెనక్కి తిరిగి చూశాను. ఒక పెద్దమనిషి రెండు చేతులూ నా కుర్చీ మీద వేసి నిలబడి ఉన్నాడు. నేను లేవగానే కూర్చోవడానికి.

"తొందరేటి నేదమ్మా, నెమ్మదిగా తినండి," అన్నాడు.

కుర్చీ మాత్రం వదల్లేదు. హాలంతా చూస్తే ప్రతి కుర్చీ వెనకా ఒక మనిషి ఉన్నాడు. మజ్జిగ పోయడానికి వచ్చినతను నా ఆకు వంక, ఆయన వంక మార్చి మార్చి చూశాడు. పిన్ని ఇక్కడ కూర్చుంటే ఏం జరుగుతుందో నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది. మొదటి ముద్దకే లేచి, "పాపం ఆకలి మీదున్నారు, కూకో నాయనా" అని ఆ మనిషిని తన ఆకు ముందు కూర్చోబెడుతుంది. ఆ పైన తనే వడ్డించినా వడ్డిస్తుంది. నేను మజ్జిగన్నం గబగబా ముగించి లేచాను. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు, ఆకలి బాగా ఉన్నవాళ్ళకు ఈ హోటలును మించింది లేదు.

బొబ్బిలి స్టేషన్లో రెండూ ఐదుకు రావలసిన బండి రెండూ నలభైకి వచ్చింది. జనం పెద్దగా లేరు. నా ఎదుటి సీటులో ఒకాయన గుడ్డలో చుట్టిన వీణను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. వీణ తల కిటికీ వైపు, కుండ నడవ వైపు. దారిన పోయే ప్రతివాడికీ తగలకుండా అరచెయ్యి అడ్డం పెడుతున్నాడు. గొల్లపల్లిలో కొత్తగా చేయించిన వీణ, విజయనగరంలో సంగీతం నేర్చుకుంటున్న మేనకోడలికట.

"దీనికి టిక్కెట్టు తీశారా?" అని నవ్వుతూ అడిగాను.

"ఒళ్ళో కూకున్న పిల్లకి టిక్కెట్టేటమ్మా?" అన్నాడు.

నా వెతుకులాట సంగతి విని తల పంకించాడు. స్టేషను నుంచి ఆటోలో పది నిమిషాల దూరంలో ఒక లాడ్జి ఉందనీ, దాని ఆఖరి అంతస్తులో మేనకోడలి నిశ్చితార్థం చేశారనీ చెప్పాడు. "వెలుతురు బాగుంటాది. పిల్లకి ఫోటోలు ఎంత బాగా వచ్చాయనుకున్నారు!" గజపతినగరం దాటాక ఆయన వీణ మీదే చెయ్యి వేసి నిద్రపోయాడు.

నాలుగూ ఐదుకు విజయనగరం. ఆటోకు అరవై రూపాయలు. లాడ్జి పాతదే, పై అంతస్తు మాత్రం కొత్తది. లిఫ్టు తలుపు తెరుచుకోగానే పెద్ద కిటికీలు, ఎండ. తెల్లటి గుడ్డ పరిచిన బల్లలు దూరదూరంగా ఉన్నాయి. ఒక కిటికీలోంచి కోట గోడ, ఇంకో కిటికీలోంచి పెద్ద చెరువు కనిపిస్తున్నాయి. కెప్టెన్ అని బ్యాడ్జి పెట్టుకున్న నడివయసాయన వచ్చాడు. అరిటాకు వేస్తారా అని అడిగాను. సంప్రదాయ భోజనం అడిగినవాళ్ళకు ఆకులోనే పెడతామన్నాడు. ఎంతసేపు కూర్చున్నా లేపరు కదా అంటే, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడున్నర దాకా ఆ బల్ల మీకే అన్నాడు.

నేను కుర్చీలో కూర్చుని చూశాను. పిన్ని నాకంటే జానెడు పొట్టి. పాదాలు నేలకు ఆనవేమో అనిపించింది. ఆ మాట చెబితే ఆయన ఏ మాత్రం ఆశ్చర్యపోకుండా లోపల్నుంచి చిన్న పీట తెప్పించి బల్ల కింద పెట్టి, మళ్ళీ కూర్చోమన్నాడు. నాకు అక్కడే మనసు కుదుటపడింది.

"గురువారం ఒంటిగంటకు, ముగ్గురికి, ఈ కిటికీ పక్క బల్ల," అన్నాను.

"పండగ రోజు గదా, ముందే సెప్పడం మంచిదైంది. సందర్భం ఏటి మేడమ్? పుట్టినరోజా, పెళ్ళిరోజా?"

"ఊరు వదిలి వెళ్ళిపోతున్నాను."

ఆయన పుస్తకంలో 'వీడ్కోలు' అని రాసుకుని, పాయసం మా తరఫున అన్నాడు. ఒక్కొక్కరికీ ఏడువందల యాభై. నా తిండి మీద నేను ఎప్పుడూ అంత పెట్టలేదు. పెట్టబోతున్నందుకు చాలా సంతోషంగా ఉంది. కాఫీ తాగి, ఎండ చెరువు మీద నుంచి పోయేదాకా ఆ కిటికీ దగ్గరే కూర్చున్నాను.

ఆరూ నలభైకి శ్రీకాకుళం రోడ్డు స్టేషను వైపు వెళ్ళే బండి. నెల్లిమర్ల దాటాక పక్కనున్న పెద్దావిడ సంచిలోని సామాను తీసి లెక్క చూసుకోవడం మొదలుపెట్టింది. పసుపు, కుంకుమ, రెండు కొబ్బరికాయలు, ఒక కొత్త జాకెట్టు గుడ్డ. చీపురుపల్లిలో దిగుతుందట.

"ఏదైనా శుభకార్యమా?" అని అడిగాను.

"లచ్చివారం గదమ్మా. ఐదో వారం."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఈ ప్రాంతంలో గురువారాన్ని లక్ష్మివారం అంటారు. మార్గశిర మాసంలో ప్రతి లక్ష్మివారం ఇంటామె లక్ష్మీపూజ చేస్తుంది. పిన్ని కూడా చేస్తుంది. కానీ మొన్న శుక్రవారం అమావాస్యతో మార్గశిరం వెళ్ళిపోయింది. నేను క్యాలెండరు చూసే గురువారం అనుకున్నాను. ఆ మాటే ఆవిడతో అన్నాను.

"నెల అయిపోనాది గాని వారాలు అవ్వలేదు గదా. ఈ ఏడు నాలుగే పడ్డాయి. ఐదోది పుష్యంలో మొదటి లచ్చివారం సేసుకోవాల."

"ఆ రోజు ఇంటామె బయటికి వెళ్ళి భోజనం..."

ఆవిడ కొబ్బరికాయ సంచిలో పెట్టడం ఆపి నన్ను చూసింది. "బయటి మెతుకు ముట్టదమ్మా. గడపే దాటదు. ప్రసాదం కూడా ఇంటోళ్ళే తినాల. పొరుగోళ్ళకి పెట్టకూడదు, అద్దెకున్నోళ్ళకి పెట్టకూడదు. మా యింట్లో అయితే పెళ్ళయి ఎల్లిపోయిన ఆడపిల్లకీ పెట్టం."

"సొంత కూతురికి కూడానా?"

"పెడితే లక్ష్మి దానితో ఎల్లిపోతాదని మాయత్త సెప్పింది. నాను అదే సేస్తన్నాను," అని ఆవిడ సంచి మూతి ముడేసింది.

ఆ సంగతి నాకు తెలియనిది కాదు. ఎనిమిదేళ్ళుగా ఆ లక్ష్మివారాల్లో మెట్ల దగ్గర తలుపు మూసే ఉంటుంది. రోజూ ఏదో ఒక గిన్నె పైకి పంపే పిన్ని ఆ రోజుల్లో కరివేపాకు రెమ్మ కూడా ఇవ్వదు. ఆఖరి వారం పూర్ణం బూరెలు వండుతుంది. ఆ నూనె వాసన మేడమీద నా గదిలోకి వస్తుంది. నేను ఉప్మా చేసుకుని కిటికీ మూసుకునేదాన్ని. బాధ లేదని చెప్పను. అద్దెకున్నదాన్ని, వాళ్ళ ఆచారం వాళ్ళది అని సర్దుకునేదాన్ని. ఆ ఆఖరి వారం నెల దాటి పోవచ్చని మాత్రం ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా గమనించలేదు.

శ్రీకాకుళం రోడ్డులో దిగి, షేర్ ఆటోలో ఊళ్ళోకి వచ్చి, ఇంటికి చేరేసరికి ఎనిమిదింబావు. పిన్ని గుమ్మంలోనే కూర్చుని ఉంది.

"దొరికిందా?"

"దొరికింది. విజయనగరంలో. గురువారం ఒంటిగంటకు చెప్పి వచ్చాను."

బాబాయి, పిన్ని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నేనే అందుకున్నాను. "ఐదో వారమట కదా. రైల్లో చెప్పారు."

"నన్నో మాట అడగకపోనావా," అంది పిన్ని.

"బుధవారం రాత్రి ఊళ్ళోనే ఎక్కడైనా తిందామా?"

"బుధవారం సాయంత్రం ఇల్లు కడిగి ముగ్గెట్టేస్తాను. ఆ తర్వాత బయటి తిండి కుదరదు." సోమ, మంగళవారాల్లో నేను ల్యాబ్ నుంచి వచ్చేసరికే తొమ్మిదవుతుందని ఆమెకు తెలుసు. శుక్రవారం రైలు పొద్దున్నే. ఇంక రోజులు లేవు.

పిన్ని అయ్యో అనలేదు. లేచి లోపలికెళ్ళి నాకు కంచం పెట్టింది, ఎప్పటిలాగే తను తినలేదు. నాకు కోపం వచ్చింది. ఆమె మీదో, క్యాలెండరు మీదో, నా మీదో తెలియదు. రాత్రే విజయనగరం ఫోన్ చేసి బల్ల వద్దని చెప్పాను. కెప్టెన్ ఒక్క మాట కూడా విసుక్కోకుండా, "లచ్చివారం గదా మేడమ్, నాకూ తట్టలేదు" అన్నాడు.

సోమ, మంగళవారాలు సీసాలు, పిపెట్లు, రిజిస్టర్లతో గడిచాయి. బుధవారం పొద్దుటికే అప్పగింత ముగించి, మధ్యాహ్నం నా సామాను లారీకి ఎక్కించాను. గది ఖాళీ అయ్యింది. రెండు రాత్రులు చాప వేసుకుని అక్కడే పడుకుందామనుకున్నాను. సాయంత్రం పిన్ని మెట్లెక్కి వచ్చింది. చేతిలో ముగ్గు గిన్నె, వేళ్ళ నిండా బియ్యప్పిండి.

"తాళం ఇచ్చీ. కింద హాల్లో పడుకుందువు గాని."

"శుక్రవారం ఇస్తాను పిన్నీ."

"ఇప్పుడిచ్చీ," అంది. గొంతులో మెత్తదనం లేదు. కొత్తగా ఎవరో గది చూడ్డానికి వస్తున్నారు కాబోలు అనుకున్నాను. ఇంకో రెండు రోజులు ఆగలేరా అని మనసు చివుక్కుమంది. తాళం ఇచ్చి, బ్యాగు తీసుకుని కిందికి వచ్చేశాను.

గురువారం తెల్లవారుజామునే లేచి వీధి చివర పార్కుకు వెళ్ళిపోయాను, పూజకు అడ్డం కాకూడదని. పదకొండుకు ఏదైనా హోటలు చూసుకుందామని బయల్దేరుతుంటే బాబాయి ఫోన్. "ఎక్కడున్నావమ్మా? మీ పిన్ని రమ్మంతంది."

వెళ్ళేసరికి వీధి గుమ్మం నుంచి దేవుడి గది దాకా ముగ్గుతో వేసిన లక్ష్మి పాదాలు. వాటిని తొక్కకుండా పక్కనుంచి నడిచి, కొత్త ధాన్యం పోసిన కుంచం, దాని ముందు దీపం చూసి, అలవాటు కొద్దీ హాలు గుమ్మం దగ్గరే ఆగాను. వంటింటి ముందు రెండు ఆకులు ఎదురెదురుగా వేసి ఉన్నాయి. ఒక ఆకు ముందు పిన్ని కూర్చుని ఉంది. తల దువ్వుకోలేదు, ఆ రోజు దువ్వదు. బాబాయి తువ్వాలు నడుముకు చుట్టుకుని గరిటె పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"అక్కడ నిలబడిపోనావేటి? కూకో," అంది పిన్ని.

"పిన్నీ, ఇది ఇంటివాళ్ళకే కదా?"

"అవును."

"నేను అద్దెకున్నదాన్ని."

"అద్దెకున్నోళ్ళకి పెట్టకూడదనే గదా నిన్న తాళం తీసుకున్నాను. ఇంక నీకు గది నేదు. రేత్రి ఎక్కడ పడుకున్నావు? మా యింట్లో. ఇయ్యాల ఎక్కడ పడుకుంతావు? మా యింట్లోనే. మరి ఇంటిదానివి కాకపోతే ఏటి?"

నేను కూర్చున్నాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

బాబాయి వడ్డించాడు. ముప్ఫై ఏళ్ళు కదిలే బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషికి నేల మీద నిలబడి పప్పు వెయ్యడం చేతకాలేదు. పప్పు ఆకులో కొంత, నా మోకాలి మీద కొంత పడింది. నెయ్యి మరిచిపోయాడు. పిన్ని చెయ్యి నేల మీద ఆనించి లేవబోయింది.

"కూకో," అన్నాడు బాబాయి. "నానున్నాను గదా."

"నెయ్యెక్కడుందో నీకేటి తెలుసు?"

"నువ్వు లేవకుండా కొంగు పట్టుకోనా ఏటి?" అని నేనన్నాను. నా నోటి నుంచి వాళ్ళ మాట రావడం విని ఇద్దరూ నవ్వారు. బాబాయి మూడు డబ్బాలు మూతలు తీసి చూసి, నాలుగో దానిలో నెయ్యి పట్టుకున్నాడు. పిన్ని మళ్ళీ రెండుసార్లు లేవబోయి, రెండుసార్లూ కూర్చుంది. ఆ తర్వాత మెల్లగా తినడం మొదలుపెట్టింది. ఆమె నిజానికి చాలా నెమ్మదిగా నమిలి తినే మనిషి. ఎనిమిదేళ్ళలో నాకు ఆ సంగతి తెలియలేదు.

చివర్న బూరెలు. బాబాయి ఒక్కొక్కటీ మధ్యకు చిదిమి, నెయ్యి పోసి ఇచ్చాడు. వాసన ద్వారా నాకు తెలిసిన బూరె కంటే ఇది కొంచెం ఎక్కువ తీపి. పచ్చికొబ్బరి ఉంటుందని నేను ఊహించలేదు. నాలుగు తిన్నాను.

అప్పుడు అడిగాను. "టెక్కలిలో రవణమ్మకు తెలిస్తే?" రవణమ్మ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది.

"తెలిస్తే నాకేటి? అది ఎల్లిపోనాది. దానికి పెట్టను." పిన్ని ఆకు మడిచింది. "నువ్వు రేపు ఎల్తావు. రేపట్నుంచి నీకూ అంతే. అడిగినా పెట్టను."

శుక్రవారం ఉదయం ఆటో వచ్చింది. బాబాయి స్టేషను దాకా వచ్చాడు. పిన్ని గడప దాకానే వచ్చింది. దారిలో తినమని నాలుగు గిన్నెల క్యారేజీ, ఒక సంచి ఇచ్చింది. ఇవ్వడానికి వంటింట్లోకి వెళ్ళినప్పుడు నేను కూడా వెనకే వెళ్ళాను. బూరెల డబ్బా అరమీద ఉంది, మూత సరిగ్గా పడలేదు, సగం పైగా ఉన్నాయి. పిన్ని ఆ డబ్బా పక్కనుంచే చెయ్యి పెట్టి ఊరగాయ సీసా తీసుకుంది.

తొమ్మిదిన్నర బండి పది నిమిషాలు ఆలస్యం. కిటికీ పక్క సీటు. సిగడాం, చీపురుపల్లి, గరివిడి వెనక్కి పోయాయి. విజయనగరం స్టేషను వచ్చినప్పుడు ఆ పై అంతస్తు కిటికీ కనిపిస్తుందేమోనని చూశాను, కనిపించలేదు. ఎవరైనా తమవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళాలనుకుంటే నిశ్చింతగా తీసుకెళ్ళవచ్చు. ముందుగా ఫోన్ చెయ్యాలి. మార్గశిరంలో వెళ్ళేవాళ్ళు క్యాలెండరును కాకుండా ఇంటామెను అడిగి రోజు పెట్టుకోవాలి.

విశాఖ దాటాక ఆకలేసింది. క్యారేజీ విప్పాను. పై గిన్నెలో పులిహోర, రెండో దానిలో పెరుగన్నం, మూడో దానిలో అరటికాయ వేపుడు, నాలుగో దానిలో ఊరగాయ. సంచిలో జంతికలు, అరటిపళ్ళు, ఒక నీళ్ళ సీసా. సంచి అడుగు దాకా తీసి చూశాను, పాత న్యూస్ పేపరు మడత కూడా విప్పి చూశాను. ఒక్క బూరె కూడా లేదు.

రవణమ్మకూ ఇరవై ఏళ్ళుగా ఇలాగే బూరె తప్ప అన్నీ పంపుతోంది. పులిహోర అంటిన చెయ్యి తుడుచుకుని, ఎదుటి సీటు వాళ్ళు చూస్తున్నారని కూడా లేకుండా కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత కడుపునిండా తిన్నాను.